నారు కట్ట దాటకూడదు

కంకిపాడు అవతల రామకోటేశ్వరరావు గారి ఆరెకరాల చేలో నాట్లు. ఒక్క మనిషి పట్టే గట్టు మీద ఆయన, ఆయన వెనక ఒకరి వెంట ఒకరుగా ఆయన నడిపే అనాథపిల్లల నిలయంలో సేవా, పొలంలో పనీ నేర్చుకుంటామని దేశాలు దాటి వచ్చిన పన్నెండుమంది తెల్లపిల్లలు, మాటలు అటూ ఇటూ చెప్పడానికి ఆ నిలయంలోనే పెరిగిన కృప. వాళ్ళకు ఎదురుగా, మూడు రోజులుగా ఈ పొద్దు కోసమే పళ్ళు నూరుకుంటున్న ముఠా మేస్త్రి మార్త.

"...అదే మార్తా నేనడిగేది. పద్దెనిమిది మంది చాలని చెప్పానా లేదా?"

"చెప్పారండి."

"మరి? చేను నిండా ఆడవాళ్ళే. ఆ చివరున్న వాళ్ళెవరు? వరస చూడు, తాగినోడు నడిచినట్టు పోతోంది. ఆ మూడో మనిషి మొక్కని పాతిపెడుతోంది, నాటట్లేదు. ఎప్పుడన్నా చేలో దిగిన మొహమేనా అది?"

"మొహం మీకెక్కడ కనపడిందండీ? వీపులేగా కనపడేది. నాటేసేవాళ్ళు వెనక్కే నడుస్తారు. గట్టు తగిలిందాకా ఇటు తిరగరు."

"మన ముఠా కాదా అంటున్నా."

"మన ముఠానే. కొందరు కొండపల్లి నుంచొచ్చారు, కొందరు మైలవరం నుంచి. కొత్త. నేర్చుకుంటారు. మీ తెల్లపిల్లలు నేర్చుకోవట్లా?"

"సరే సరే. వీళ్ళకి ఎండ తగులుతోంది. ఓ గంట బురదలో దింపి, నాలుగు ఫోటోలు తీయించి తీసుకుపోతా. జరుగు పక్కకి... ఏంటది? కట్టెందుకు పెట్టావక్కడ?"

"మీ కాళ్ళ ముందు పెట్టానండి. నాటు రోజు గట్టెక్కారుగా."

"ఓహో! కృపా, చెప్పమ్మా వీళ్ళకి. ఇది మన ఆచారం. నాటు రోజు ఆసామి గట్టెక్కితే ఆడవాళ్ళు కాళ్ళ ముందు నారు కట్ట పెడతారు. వాళ్ళడిగింది ఇచ్చేదాకా దాటకూడదు. దాటితే చేను పండదు. మా నాన్న ఎన్నడూ దాటలేదు, నేనూ దాటను. చెప్పు, చెప్పు. వీడియో తీసుకోమను. ఇలాంటిది వాళ్ళ దేశంలో ఎక్కడ దొరుకుద్ది?"

"చెప్పాను సార్. అందరూ తీస్తున్నారు."

"అందరూనా? భలే. మార్తా, కాస్త నవ్వు. ఇదిగో ఐదొందలు. ముఠా అంతా టీ తాగండి."

"టీ వద్దండి."

"వెయ్యి తీసుకో. చూస్తున్నారు వాళ్ళు, బేరాలాడకు."

"డబ్బు వద్దు. ఒక్క మాట కావాలి. నేనెవరో చెప్పండి వాళ్ళకి."

"అంతేనా? కృపా, చెప్పు. ఈవిడ మార్త, ముఠా మేస్త్రి, చాలా కష్టజీవి..."

"మేస్త్రి సంగతి కాదు. ఈ మాటలు చెప్పే పిల్ల ఉంది చూడండి, కృప. దానికి నేనేమవుతానో చెప్పండి."

"...మార్తా."

"చెప్పండి."

"సాయంత్రం ఇంటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

"నేను ఇక్కడ నించునే మాట్లాడతా. అలవాటే."

"సార్, ఆవిడ ఏమంటోందని అడుగుతున్నారు."

"పాట పాడతానంటోందని చెప్పు. నాట్ల పాట."

"చెప్పావా కృపా? పాట పాడతానన్నానా నేను?"

"మార్తగారూ, వద్దండి, ఇక్కడొద్దు..."

"విన్నారా బాబుగారూ? మార్తగారూ అంట! నా కడుపున పుట్టింది నన్ను గారూ అంటోంది. బాగా నేర్పారు మర్యాద."

"గొంతు తగ్గించు."

"ఎందుకండీ? వాళ్ళకి తెలుగు రాదుగా. మొన్న ఆ పొడుగమ్మాయి ఏం చేసిందో తెలుసా మీకు? కంకిపాడులో చామంతి దండ కొనుక్కుని మా పేటకొచ్చింది. కృప వాళ్ళమ్మ సమాధి చూపించమంది. నేను గడ్డిమోపు నెత్తినెట్టుకుని సమాధుల దొడ్డి పక్కనుంచి వస్తున్నా. చూద్దును గదా, నా కూతురు, ఆ పిల్ల, మీ డ్రైవరు. మా అత్త మాణిక్యం సమాధి మీద పూలు. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. బతికున్నన్నాళ్ళూ మా అత్త నన్ను తిట్టని పూట లేదండీ. నా పూలు పట్టుకెళ్ళి ఆవిడకి పెట్టిస్తారా?"

"అది... డ్రైవరు పొరపాటు."

"పొరపాటా? అయితే నా సమాధి వేరే ఉందా? ఎక్కడుందో చూపించండి, నేనూ వెళ్ళి చూస్తా."

"మార్తా, నా మాట విను..."

"నన్ను పాము కరిచిందంటగా. వాళ్ళకి పోయే ఉత్తరాల్లో ఉందంట. ఏ పామండీ?"

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"కట్లపామా, తాచా? పొద్దున కరిచిందా, సాయంత్రమా? చచ్చినదాన్ని, నాకు తెలియాలా వద్దా? మా ఆయన మరియదాసు పడవ మునిగి పోయాడంట. అదిగో, అవతలి గట్టున నారు కట్టలు విసురుతున్నాడు. నడుం దాకా తడిశాడు. మునగలా ఇంకా."

"చూడు, నువ్వు ఒక ఆసామి గట్టు మీద నించుని..."

"నా పిల్లకి డబ్బు పంపేది ఆ పొడుగమ్మాయి వాళ్ళ అమ్మమ్మేనంట, నా ఆత్మ కోసం ఆదివారం ఆదివారం కొవ్వొత్తి వెలిగిస్తదంట. పదమూడేళ్ళు! తుఫానుకి మా పేటలో వారం రోజులు కరెంటు లేదు. ఆ కొవ్వొత్తులు ఇటు పంపినా అక్కరకొచ్చేవి."

"అయిందా? ఇక నేను మాట్లాడనా? మరియదాసు కాలు విరిగి మంచంలో ఉంటే, తొమ్మిదేళ్ళ పిల్లని పట్టుకుని నా గుమ్మంలో నించున్నదెవరు? నువ్వు కాదూ? అన్నం పెట్టా. బడిలో వేశా. నర్సింగు దాకా తెచ్చా. తల్లీ తండ్రీ ఉన్న పిల్లకి ఆ దేశంవాళ్ళు డబ్బు పంపుతారా? పంపరు. ఎవరూ లేరంటేనే జాలి పుడుద్ది. లోకం అట్టా ఉంది, నేనేం చెయ్యను?"

"అన్నం పెట్టారు. కాదన్నానా? అన్నం పెట్టి నన్ను చంపేశారు. ఆరెకరాల ఆసామి, కారుంది, డ్రైవరున్నాడు. అమ్మున్న పిల్లకి ఒక ముద్ద పెట్టడానికి మీకు దారి దొరకలా?"

"వేలిముద్ర వేసింది నువ్వే."

"వేశా. హాస్టలు రూలు అన్నారు, వేశా. ఏటా తెల్లవాళ్ళొచ్చిన పది రోజులూ గేటు దగ్గరికి రావద్దన్నారు, మీ జబ్బులు వాళ్ళకి అంటుకుంటాయన్నారు. మేం నమ్మాం. సందు చివర నించుని చూసేవాళ్ళం. వాళ్ళు నా పిల్ల నోట్లో కేకు పెడుతుంటే పోన్లే, తింటోంది అని సంతోషపడ్డా. ఆ సంతోషపడేది శవమని నాకు తెలీదు."

"పక్కకి జరుగు. ఆఖరిసారి చెబుతున్నా."

"జరగను."

"నేను వెనక్కి పోతా."

"పోండి. వెనక పన్నెండుమంది వరసగా. కుడివైపు బోదె కాలవ. ఎడమ మోకాలి లోతు బురద, మీరేమో తెల్లబట్టలు. కాదంటే కట్ట తొక్కి నన్ను నెట్టుకుని పోండి. దాటితే చేను పండదని వాళ్ళకి చెప్పింది మీరే, వీడియో తియ్యమందీ మీరే."

"కృపా! ఫోన్లు ఆపమని చెప్పు."

"చెప్పాను సార్. ఎందుకని అడుగుతున్నారు."

"ఎందుకేంటి ఎందుకు? కృపా, ఇటు చూడు. నీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి?"

"...మీ బీరువాలో సార్."

"గుర్తుందిగా? గుర్తు పెట్టుకుని మాట్లాడు. మీ అమ్మకి ఎండదెబ్బ తగిలి మతి పోయిందని చెప్పు వాళ్ళకి."

"మీ అమ్మకి అన్నారు సార్."

"ఏంటి?"

"ఇప్పుడే. మీ అమ్మకి అని మీరే అన్నారు."

"అదీ! వచ్చింది నోట్లోంచి. తెలుగులో వచ్చింది. ఇంక వాళ్ళ భాషలో రావాలి, అంతే. సర్టిఫికెట్లంటారా, ఉంచుకోండి మీ బీరువాలోనే. కాగితాలు లేకపోతే నాతో నాటేస్తుంది."

"అమ్మా! నీకేం, అనేస్తావు. నాలుగేళ్ళు చదివాను నేను. అవి లేకపోతే ఏ ఆసుపత్రి గేటూ దాటనివ్వరు. నాటేస్తానా? నాకు నాటెయ్యడం వచ్చా? చేలో దిగనిచ్చావా ఎప్పుడన్నా?"

"అమ్మా అన్నావు."

"అన్నా! ఏం?"

"ఏం లేదు. పదమూడేళ్ళయింది నలుగురిలో ఆ మాట విని."

"కృపా, నోరు ముయ్! వాళ్ళేంటి అట్టా చూస్తున్నారు?"

"ఆ పొడుగమ్మాయి అడుగుతోంది సార్, ఈవిడని నేను అమ్మా అని ఎందుకు పిలిచానని."

"ఆ ముక్క దానికెట్టా తెలుసు?"

"నిలయంలో మూడు రాత్రులు పడుకుందిగా. చిన్నపిల్లలు నిద్రలో ఆ మాట అని ఏడుస్తారంట. అర్థం ఏంటని నిన్న నన్నే అడిగింది. చెప్పాను."

"నీ తెలివి తెల్లారా! సరే మార్తా, నీకు అన్నీ చెప్పిందా నీ కూతురు? ఆ ఉత్తరాలు రాసిందెవరో చెప్పిందా? నేను కాదు. ఇదే. దీని చేత్తోనే. నాకు అమ్మ లేదు, నాకు మీరే దిక్కు అని. ఏడాదికి నాలుగు. చూపించనా?"

"తొమ్మిదేళ్ళ పిల్ల. బోర్డు మీద మీరు రాశారు, చూసి రాసింది."

"మొదట్లో. ఆ తర్వాత? అడుగు దాన్ని."

"ఎనిమిదో తరగతి నుంచి చూడకుండానే రాశానమ్మా."

"...చూడకుండానా."

"అలవాటైపోయింది. నువ్వు ఎట్టా చచ్చిపోయావో కూడా నేనే కల్పించి రాసేదాన్ని. పాము నాదే. సార్ ఉత్తగా జ్వరం అన్నారు. జ్వరమైతే వాళ్ళు ఏడవరని..."

"విన్నావా మార్తా? ఇప్పుడెవరి కాళ్ళ ముందు పెడతావు కట్ట?"

"మీ కాళ్ళ ముందే. దాని సంగతి ఇంటికెళ్ళాక. చెంప పగలగొడతానో, పక్కన కూర్చోబెట్టుకుని ఏడుస్తానో, అది మా ఇద్దరి గొడవ. తొమ్మిదేళ్ళదానికి తల్లిని చంపడం నేర్పింది మీరు. బాగా నేర్చుకుంది. నేర్పినోడికి ముందు, నేర్చుకున్నదానికి తర్వాత."

"నేను చెప్పాననుకో, రేపే నిలయం మూతపడుద్ది. తెలుసా? ఆ చిన్నపిల్లలంతా రోడ్డున పడతారు. వాళ్ళ ఉసురు నీకు తగులుద్ది. వాళ్ళకి ఎవరున్నారు?"

"చూసుకునేవాళ్ళు చూసుకుంటారు లెండి."

"ఎవరు? నువ్వా? నీకు పూట గడవదు, పిల్లల్ని సాకుతావా!"

"మీకు కాళ్ళు నొప్పులెడుతున్నాయి. చెప్పెయ్యండి."

"సార్, వీళ్ళు ఎండలో నిలబడలేకపోతున్నారు. వెనకున్న అబ్బాయి బోదెలో జారాడు. ఏదో ఒకటి ఇచ్చి దాటొచ్చుగా, ఆవిడ ఏం అడుగుతోంది అంటున్నారు."

"నువ్వేం చెప్పావు?"

"డబ్బు వద్దంట, ఒక నిజం అడుగుతోంది అని చెప్పాను."

"కృపా!"

"సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంచుకోండి సార్. పాట పాడుతుందని మాత్రం నేనింక చెప్పను."

"తల్లీ కూతుళ్ళు కలిసి... సరే. సరే! చెప్పి తగలేస్తా! కట్ట తీస్తావుగా?"

"మాటంటే మాటే."

"షీ ఈజ్... షీ ఈజ్ హర్ మదర్."

"ఆ చివరి పిల్లకి వినపడలేదండీ."

"షీ ఈజ్ కృపాస్ మదర్! షీ ఈజ్ నాట్ డెడ్! చాలా? కడుపు నిండిందా? తియ్ కట్ట!"

"తీశాను. ఇదిగో, చంకన పెట్టుకున్నా. దారి మీదే."

"నడవండి, నడవండి అందరూ. కమాన్. కారెక్కండి. పని లేదు, ఫోటోలూ లేవు. కృపా, నడవమని చెప్పు."

"చెప్పాను సార్. కదలట్లేదు."

"ఎందుకు కదలరు?"

"ఆ పొడుగమ్మాయి ఇంకో మాట అడుగుతోంది. నిలయంలో మిగతా పిల్లల అమ్మలు ఎట్టా చనిపోయారని."

"జబ్బులు చేసి! వరదల్లో! నా దగ్గర కాగితాలున్నాయి, అన్నిటికీ కాగితాలున్నాయి, చూపిస్తానని చెప్పు!"

"మిమ్మల్ని కాదు సార్, ఆమెని అడగమంటోంది. అమ్మా, మిగతా పిల్లల అమ్మలు ఎక్కడున్నారంట?"

"నాటేసేవాళ్ళకి గట్టు ఇంకో రెండడుగులే, ఓపిక పట్టమను. వాళ్ళు డబ్బు పంపే పిల్లల ఫోటోలు తెచ్చుకున్నారుగా, అవి బయటికి తియ్యమను."

"మార్తా... ఏయ్ మార్తా, కొండపల్లి అన్నావు. మైలవరం అన్నావు. ఎవరే వీళ్ళు?"

"నాటు రానివాళ్ళండి, మీరే కనిపెట్టారుగా. ఇదిగో, ఏమే! గట్టొచ్చేసింది, ఇంక నడుములెత్తండి! ఇటు తిరిగి ఒక్కొక్కళ్ళూ మీ బిడ్డ పేరు చెప్పండి!"