సముద్రాన్ని ఉడికిచ్చిన సమ్మెట

“నా మొగని సమ్మెట నువ్వు మింగినవా, నువ్వు పోయిన దేశం మింగిందా, గదొక్కటి చెప్పు జంగప్పా. మిగిలిన ముచ్చట నాకు వద్దు.”

“చెప్తనే ఉన్న గదా వదినె! దినాం గిదే లొల్లి. ముందుగాల ఒక చాయ పొయ్యి.”

నెల దినాల సంది తాండూరు టేషను బయట బీరమ్మ చాయ కొట్టు కాడ గిదే జగడం. నాలుగేండ్ల కింద జంగప్ప పరదేశం పోత అని, కాలం చేసిన బీరమ్మ మొగని సమ్మెట అడుక్కొని పోయిండు. పోయిన నెల వట్టి చేతులతోని దిగిండు. సమ్మెట ఏదంటే ఒక కత, గా కతేందంటే ఇంకో కత.

ఇనుప ముక్కకు ఏడ్సే మనిషి గాదు బీరమ్మ. మొగడు పోయిన పదిహేనో దినమే పొయ్యి ముట్టిచ్చి చాయ అమ్ముకున్నది. కానీ ఇప్పుడు సంగతి వేరే అయింది. గీ జంగప్ప కతలు విని విని అల్లుడు యాదగిరి తాను గూడ గా దేశమే పోతనని లేచిండు. గనిల బండలు తీసే పని మంచిగ నడుస్తున్నది, బిడ్డ హన్మమ్మకు ఏడో నెల, అయినా ఇంకో గంటల బొంబై బండి ఎక్కుతనని ట్రంకు పెట్టె తెచ్చి కొట్టు ముందట పెట్టి, దాని మీదనే కూసొని జంగప్ప మొఖం చూస్తుండు. బీరమ్మ పది తీర్ల చెప్పింది. అత్త మాట అల్లునికి ఎక్కుతదా?

బల్ల కింద గోనె సంచిల ఏందో మూట ఉన్నది. బీరమ్మ దాన్ని కాలుతోని ఇంకింత లోపలికి నూకి, చాయ గ్లాసు జంగప్ప ముందట పెట్టింది.

“తాగు. మొదటి సంది చెప్పు. ఒక్కటి గూడ ఇడువకు.”

జంగప్పకు గంతే కావాలె. ఒక కాలు మడిచి బల్ల మీద పెట్టుకున్నడు. బండలు నున్నగ చేసే ముసలి కిష్టప్ప, గనిల బండలు మోసే మొగులమ్మ దగ్గరికి జరిగిండ్రు.

“చిన్న ముచ్చటనే. నా గొప్ప నేను చెప్పుకునుడు నాకు రాదు. బొంబైల ఓడల కాడ కూలికి నిలవడ్డ. ఆడ ఒక బండ, నీ ఇంటంత ఉంటది కిష్టన్నా, దారికి అడ్డం వడ్డది. నలభై మంది గడ్డపారలు వేసి పరేషాన్ అయితున్నరు. నేనేం జేసిన? చుట్టు ఒకపారి తిరిగిన, చెవు పెట్టి విన్న, పొర ఏడున్నదో దొరకవట్టిన, వదినె సమ్మెటతోని టక్కున ఒక్కటిచ్చిన. అప్పడం తీరు రెండు ముక్కలు!”

“గది అయితది,” అన్నడు కిష్టప్ప. “పొర దొరికితె ఎంత బండైనా విచ్చుకుంటది.”

“చూసిండ్రా, పని తెలిసినోనికి తెలుస్తది! గది చూసి ఓడ దొర, నువ్వు ఈడ ఉండే మనిషివి గాదు జంగప్పా అని చెయ్యి వట్టుకొని ఓడ ఎక్కిచ్చిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నడి సముద్రంల ఓడ పోయి గుట్టకు తగిలింది. అందరు ఒక్కటే ఏడుపు. నేను నడుముకు తాడు కట్టుకొని నీళ్ళల్లకు దిగి, మన తాండూరు బండ తీసినట్టె పొరలు పొరలు తీసుకుంట పోయిన. పొద్దుగూకె వరకు గుట్ట మాయం. తీసిన బండలను వట్టిగ పోనిస్తనా? ఓడ మొత్తం పరిచిన. సున్నం ఒక్కటి తక్కువైంది.”

“గంత బరువుకు ఓడ మునగలేదా?” అన్నది మొగులమ్మ.

“నేను పరిచిన బండ మీదికి నీళ్ళు ఎక్కుతయా మొగులమ్మా? ఎక్కుతయి, జారుతయి, ఎక్కుతయి, జారుతయి. ఆఖరికి సముద్రమే యాష్టకొచ్చి ఇడిసిపెట్టింది.”

“దేశం పేరేంది మామా?” అని అడిగిండు యాదగిరి.

“పేరు పలుకుతె నాలుక మడతవడుతది అల్లుడా. మడతవడ్డంక చాయ ఎట్ల తాగాలె?”

“కూలెంత మరి?” అన్నడు కిష్టప్ప.

“రోజుకు ఆరణాలు.”

కిష్టప్ప గ్లాసు కింద పెట్టిండు. “ఈడ గనిల రూపాయిన్నర ఇస్తున్నరు. ఆరణాలకు సముద్రం దాటి పోయినవా?”

“గదే మీకు తెల్వనిది! కూలి ఎక్కువున్న దేశంల అందరు దొరలే, నువ్వొక్కనివే కూలోనివి. కూలి తక్కువున్న దేశంల ఆరణాలున్నోడే దొర. ఆరణాలకు ఆరు మేకలు, ఆరు మేకలు కొంటె ఒక కాపరి ఊకెనె, పైస ఇచ్చే పనే లేదు. ఉండనీకె ఇల్లు ఊకెనె, ఇల్లు ఊడ్వనీకె మనిషి ఊకెనె. మొదటి నెల జీతం ఖర్చు చెయ్యలేక నాకు జ్వరం వచ్చింది. ఇగ లాభం లేదని, నా పైసలు ఖర్చు పెట్టనీకె ఇద్దరిని జీతానికి పెట్టుకున్న. నెల తిరిగేసరికి వాండ్లు గూడ నా కాళ్ళ మీద వడ్డరు, మాతోని అయితలేదు దొరా, ఇడిసిపెట్టు అని.”

యాదగిరి ట్రంకు మీద ముందుకు జరిగిండు. “విన్నవా అత్తా? ఆరు మేకలు!”

“విన్న,” అన్నది బీరమ్మ, గ్లాసులు కడుక్కుంట. “మేకలు లెక్కవెట్టుకుంట కూసో. బండి వచ్చేదాక పొద్దు పోతది.”

“ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?” అని జంగప్ప గొంతు పెంచిండు. “నా పేరు రాజు చెవుల వడ్డది. దర్బారుల బండలు పరువుమన్నడు. పరిచిన. నున్నగ రుద్దిన. ఎంత నున్నగ? పైన కాకి ఎగిరితె కింద బండల దాని ముక్కు కనవడాలె, గంత నున్నగ. రాజు ఏనుగు బండల ఇంకో ఏనుగును చూసి మూడు దినాలు పొట్లాడింది. ఆఖరికి పైది కిందిది రెండు ఒక్కపారే అలిసి పండుకున్నయి. మంత్రులు కాలు పెట్టుడు, జారుడు. ఇప్పటికి గూడ ఆ దేశంల దర్బారుకు పోయెటోళ్ళు కూసొనే జరుక్కుంట పోతరు. గదే మర్యాద అయిపోయింది.”

“రాజు గూడ జారిండా?”

“రాజును సింహాసనానికి నేనే తాడుతోని కట్టిన.”

మొగులమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. జంగప్ప ఇగ ఆగుతడా?

“అసలు ముచ్చట ఇప్పుడు వస్తది. రాజమహలుకు ఎదురుంగ ఒక గుట్ట. మన అనంతగిరి గుట్టలను పదింతలు చెయ్యి, గంత. దాని నీడకు రాజు ఇంట్ల మధ్యాహ్నం దాక తెల్లవారదు. రాజు వచ్చి నా రెండు చేతులు వట్టుకున్నడు. జంగప్ప దొరా, గీ గుట్టను జరుపు, సగం రాజ్యం రాసిస్త అన్నడు. నేనన్న, సగం రాజ్యం నేనేం చేసుకుంట, నా ఆరణాలు నాకియ్యి, చాలు. పోయి చెవు పెట్టిన. పొర దొరికింది. వదినె సమ్మెట రెండు చేతుల లేవట్టి ఢాం అని ఒక్కటిచ్చిన! గుట్ట బుక్కు తీరు తెర్సుకున్నది. పదకొండు లచ్చల బండలు, ఒక్కదాని అంచు గూడ విరగలే. రవ్వలు ఎగిరి మొగులుకు తాకితె మొగులు చినిగి వాన కొట్టింది.”

“మరి సమ్మెట?” అన్నది బీరమ్మ.

“వస్తున్న వదినె, గాడికే వస్తున్న. గంత దెబ్బ కొట్టినంక సమ్మెట ఎర్రగ కాలింది. చేతుల నిలుస్తదా? ఎగిరి ఏడు కోసులు పోయి సముద్రంల వడ్డది. సముద్రం మూడు దినాలు కళపెళ మసిలింది. చేపలు ఉడికి ఉడికి ఒడ్డుకు వచ్చినయి. ఉప్పు ఏసే పనే లేదు, దేశం దేశం కడుపునిండ తిన్నది. గది సంగతి. నీ మొగని సమ్మెట ఊకెనె పోలే వదినె. ఒక దేశానికి బువ్వ పెట్టి పోయింది.”

టేషనుల గంట కొట్టిండ్రు. బొంబై బండి దగ్గరికొచ్చింది. యాదగిరి లేచి ట్రంకు నెత్తి మీదికి ఎత్తుకున్నడు.

“పోతున్న అత్తా. హన్మమ్మను జర చూసుకో.”

“ఆగు అల్లుడా. ఒక్క మాట విని పో.” బీరమ్మ చేతులు తుడుసుకున్నది. “జంగప్పా, సమ్మెట సముద్రంల వడంగ నువ్వు చూసినవా?”

“ఈ రెండు కండ్లతోని.”

“మూడు గాట్లున్నదే గదా? మా ఆయన ఉలితోని కొట్టుకున్న గుర్తు?”

“మూడు గాట్లే! కాలి ఎర్రగైతె మూడు నిప్పు కండ్ల తీరు మెరిసినయి!”

బీరమ్మ వంగి గోనె సంచి గుంజింది. సంచిల చెయ్యి పెట్టి సమ్మెట తీసి బల్ల మీద ధన్నున పెట్టింది. గ్లాసులు ఎగిరి పడ్డయి. ఇనుము మీద మూడు గాట్లు.

కిష్టప్ప గాట్ల మీద వేలు పెట్టి లెక్కవెట్టిండు.

“మస్తు ఈదినట్టున్నది,” అన్నడు కిష్టప్ప.

“ఈదలే. తలుపుకు అడ్డం నిలవడ్డది,” అన్నది బీరమ్మ. “వికారాబాదుల ఈశ్వరయ్య అని ఒక సావుకారి. గాలికి తలుపు కొట్టుకోకుంట దీన్ని పెట్టుకున్నడు. సోమవారం కేతిలికి మాటు వేయించ పోయి చూసిన. ఎవరిదని అడిగిన. నాలుగేండ్ల కింద జంగప్ప అనేటోడు రెండు రూపాయలకు కుదువ పెట్టి పోయిండన్నడు. ఆ మనిషి ఏ దేశం పోయిండని అడిగిన. ఏ దేశం లేదమ్మా, మొన్నటి దాక గీ రైలు పట్టాల పక్కనే కంకర కొట్టిండన్నడు. ఏది జంగప్పా, ఎడమ చెయ్యి చూపియ్యి.”

జంగప్ప చెయ్యి తువ్వాల కింద దాసుకున్నడు. మొగులమ్మ గుంజి తిప్పి చూసింది. వేళ్ళకు ఉంగరం తీరు గట్టిగ కాయ గట్టి ఉన్నది. కంకర కొట్టేటోళ్ళు దెబ్బ తగలకుంట రాయి వట్టిన వేళ్ళకు రబ్బరు చుట్ట ఏసుకుంటరు, గా చుట్ట గుర్తు అది. బండ పొర తీసేటోనికి కాయలు అరచేతులల్ల ఉంటయి. తాండూరుల గీ లెక్క తెల్వని మనిషి లేడు.

“అయ్యో,” అన్నడు కిష్టప్ప. “వికారాబాదుల రెండు మూడుపార్లు మొఖానికి తువ్వాల కట్టుకున్నోన్ని చూసిన. మన జంగప్ప తీరే ఉన్నడే అనుకున్న. సముద్రం అవతల ఉన్నోడు గదా అని పలకరియ్యలే!”

జంగప్ప మడిచిన కాలు కిందికి దించిండు.

“బొంబై దాక పోయిన వదినె. గది అబద్ధం గాదు. ఓడ చూసిన. నీళ్ళు చూసిన. గన్ని నీళ్ళు ఒక్క కాడ నేను ఎన్నడు చూడలే. కాళ్ళు ముందుకు రాలే. మల్ల వస్తె నవ్వుతరని, బండి తాండూరుల ఆగినప్పుడు కిటికి మూసుకొని, వికారాబాదుల దిగిన.”

“కూలెంత ఇచ్చిండ్రు మామా?” అన్నడు యాదగిరి. ట్రంకు ఇంకా నెత్తి మీదనే ఉన్నది.

“పధ్నాలుగు అణాలు.”

“చూసినవా అల్లుడా,” అన్నది బీరమ్మ. “కూలి తక్కువ దేశం పోయిన అన్నడు. గదొక్కటి నిజమే చెప్పిండు. పాతిక మైళ్ళే. ఓడ గూడ అక్కరలేదు.”

మొగులమ్మ నవ్వుడు మొదలువెడితె టేషను దాక వినవడ్డది. గంతల బండి వచ్చింది. ఆగింది. యాదగిరి బండి దిక్కు చూసిండు, జంగప్ప దిక్కు చూసిండు. ట్రంకు కిందికి దించిండు. సమ్మెట చేతిల వట్టుకొని లేపి, దించి, మల్ల లేపిండు.

“కట్టె వదులైంది అత్తా. మార్చాలె. పొద్దుగాల గనికి తీస్కపోత.”

బండి కూత వేసి పోయింది. బీరమ్మ పొయ్యిల కట్టె ఎగదోసింది. అల్లునికి చాయల చక్కెర ఒక చెంచ ఎక్కువే ఏసింది.

జంగప్ప మెల్లగ లేసి తువ్వాల దులుపుకున్నడు.

“యాడికి?” అన్నది బీరమ్మ. “మిత్తితోని మూడు రూపాయలు కట్టి ఇడిపిచ్చిన. నిన్న దాని కోసమే మల్ల పోయిన, పోను రాను టిక్కెట్టు ఒకటి అరవై రెండు. చాయ పైసలు వద్దు. కతకు చెల్లు.”

“ఇయ్యి దొరా,” అన్నది మొగులమ్మ. “ఖర్చు పెట్టలేక జ్వరం వచ్చిందంటివి.”

జంగప్ప నడుముకున్న సంచి ఇప్పిండు. కొత్త పైసలు ఒక దిక్కు, పాత బిళ్ళలు ఒక దిక్కు పెట్టి రెండుపార్లు లెక్కవెట్టి, సమ్మెట పెట్టిన కాడనే బల్ల మీద పెట్టిండు: నాలుగు రూపాయల అరవై రెండు పైసలు.