బామ్మగారి నీలం గొడుగు

నడకకి సాయమయ్యే సామాన్లమ్మే కొట్టు. స్కూలు వదలగానే నేరుగా వచ్చిన పదిహేనేళ్ళ మనవరాలూ, రిటైరైన పోస్టుమ్యాన్ తాతయ్యా గుమ్మం దగ్గరే తగువు పడుతున్నారు.

"కుంటు తాతయ్యా, కుంటు! కొట్టాయన చూస్తున్నాడు."

"నేనెందుకు కుంటాలే? ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచిన కాళ్ళివి. కుక్కలు తరిమినా కుంటలేదు."

"ఒక్క పావుగంట. ఇంట్లో ఒప్పుకున్నావుగా!"

"ఒప్పుకున్నప్పుడు కూర్చుని ఉన్నాను."

"రండి రండి. ఎవరికమ్మా?"

"మా తాతయ్యకండీ. చేతికర్ర. కానీ కర్రలా కనబడకూడదు."

"అలాగే. ఏ కాలు పెద్దాయనా?"

"కుడి."

"ఎడమండీ!"

"ఏదో ఒకటి చెప్పండి."

"రెండూనండీ. వంతులవారీగా వస్తుంది నొప్పి."

"వంతులవారీగానా? ఈ వారంలో ఇది రెండో కేసు. సరే గానీ పెద్దాయనా, పొద్దున మలుపు దగ్గర బస్సు వెనకాల పరిగెత్తి ఎక్కింది మీరే కదూ?"

"అదీ... ఎక్కాకే పట్టేసింది."

"అందుకేనండీ కర్ర. త్వరగా చూపించండి."

"ఇదిగో, నాలుగు కాళ్ళది. భూకంపమొచ్చినా పడదు."

"ఇది కర్రా? స్టూలు మీద కర్ర పాతినట్టుంది. దీన్ని క్లాసులోకి తీసుకెళ్తే..."

"క్లాసా? పెద్దాయన చదువుకుంటున్నారా?"

"వయోజన విద్య. ఈ మధ్యే చేరాను."

"మంచిదే. అయితే ఇది చూడండి. విప్పితే కుర్చీ అవుతుంది."

"అమ్మో, ఆ చప్పుడేంటండీ! అది విప్పితే హెడ్‌మాస్టరు కూడా బయటికొస్తారు."

"చక్రాల బ్యాగు? పిడి పట్టుకుని ఆనుకుని నడవొచ్చు."

"మా క్లాసు మూడో అంతస్తు. మెట్ల మీద అదే నన్ను కిందికి లాగుతుంది."

"నిన్నా?"

"తాతయ్యని!"

"ఓహో. అయితే ఇక ఇదే. నల్ల గొడుగు కర్ర. చూస్తే గొడుగు, ఆనితే కర్ర."

"ఇది బాగుంది! తాతయ్యా, చూడు, అచ్చం గొడుగే."

"వాన పడితే?"

"విప్పుకుంటారు పెద్దాయనా."

"అప్పుడు కర్ర?"

"అప్పుడు... ఉండదు."

"అంటే కిందపడతాం. కాకపోతే తడవకుండా పడతాం."

"ఊరుకో తాతయ్యా! అంకుల్, వెనక కొక్కేనికి నీలంది ఉంది, అదేంటి?"

"దాని సంగతి వేరు. గొడుగు పైన విడిగా ఊడొస్తుంది, కర్ర కర్రలాగే ఉంటుంది. కింద మెత్తటి రబ్బరు, టకటకమనదు. కానీ అది అయిపోయిందమ్మా. ఒక బామ్మగారి కొలతకి కోసేశాను. మనవరాళ్ళొచ్చి చెప్పి వెళ్ళారు."

"ఇంకోటి లేదా?"

"వచ్చే నెల వస్తుంది."

"వచ్చే నెలకి టూరు అయిపోతుందండీ!"

"ఏం టూరు?"

"వయోజన విద్య వాళ్ళ టూరు."

"తాతయ్యా, నువ్వు ఆగు. అంకుల్, ఆ బామ్మగారికి నల్లది ఇచ్చెయ్యకూడదూ? బామ్మలకి నీలమెందుకు చెప్పండి?"

"నీలమే కావాలన్నారు, నేనేం చెయ్యను? పైగా ఒకరి ఎత్తుకి కోసింది ఇంకొకరికి పనికిరాదు. చెప్పులతో నిలబడితే మణికట్టు నుంచి నేల దాకా ఎంతో, అంతే కర్ర. కొలత లేకుండా కొయ్యను. రండి పెద్దాయనా, నిటారుగా నిలబడండి."

"తాతయ్య కొలత వద్దండీ!"

"ఎవరి కొలత మరి?"

"ఐదడుగుల రెండంగుళాల మనిషికి కొయ్యండి."

"ఈయన ఆరడుగులున్నారు కదమ్మా."

"వయసైతే మనిషి వంగుతాడు కదండీ."

"పది అంగుళాలా?"

"ఎంత వంచుతావే నన్ను!"

"పాపా, ఇలా చూడు. గుమ్మం నుంచి ఈ బల్ల దాకా పన్నెండడుగులు. వచ్చిన ప్రతివాళ్ళనీ ఆ పన్నెండడుగులూ చూస్తాను, నా పనే అది. ఆయన కుంటడం నాటకం. నువ్వు కుంటకపోవడం నాటకం."

"అంతలా తెలిసిపోతోందా అంకుల్?"

"కూర్చో. నించుని చాలాసేపైంది."

"అంతా నీ వల్లే తాతయ్యా."

"నా వల్లా? నేను బాగానే కుంటాను!"

"ఎప్పటినుంచమ్మా?"

"పదకొండో ఏటి నుంచి. కీళ్ళ జబ్బు. పొద్దున లేచేసరికి బిగుసుకుపోతాయి. కొన్ని రోజులు మధ్యాహ్నానికి వదులుతాయి, కొన్ని రోజులు వదలవు. ఏ రోజు ఏం చేస్తాయో వాటికే తెలీదు."

"స్నేహితులకి తెలుసా?"

"కాలు బెణికిందని చెప్పాను."

"ఎప్పుడు?"

"ఆరు నెలలైంది."

"ఆరు నెలల బెణుకా!"

"పైగా కట్టు ఏ కాలికి కట్టిందో మర్చిపోతుందండీ. సోమవారం ఎడమ కాలు, బుధవారం కుడి కాలు. దీనికంటే నేనే నయం."

"మరి చెప్పేస్తే పోయేదిగా?"

"పాత స్కూల్లో చెప్పానండీ. ఆ రోజు నుంచి నన్ను గాజుసామానులా చూశారు. ఆటలకి పిలవడం మానేశారు. నేను వెళ్తే మాటలు కూడా మెల్లగా మాట్లాడేవాళ్ళు, ఎవరో చచ్చిపోయినట్టు. వీళ్ళు అలా కాదు. తిడతారు. పెన్నులు కొట్టేస్తారు. మా పొడుగుకాళ్ళదైతే రోజూ నా టిఫిన్ సగం తినేస్తుంది. నాకు అదే కావాలి అంకుల్. అది పోకూడదు."

"టూరు ఎప్పుడు?"

"శనివారం. కొండ మీదకి రెండొందల మెట్లు. కర్ర లేకుండా వెళ్ళలేను. కర్ర పట్టుకుని వెళ్ళను. రానని చీటీ కూడా రాసేశాను, బ్యాగులో ఉంది."

"రాసిన ఉత్తరాలన్నీ ఇవ్వాలని లేదే పిచ్చిదానా. పోస్టుమ్యాన్ని, నేను చెబుతున్నాను."

"నువ్వు ఇవ్వకుండా దాచేశావా ఎప్పుడైనా?"

"దాచలేదు. దాచాల్సినవి చాలానే ఇచ్చాను."

"సరేనమ్మా, ప్రస్తుతానికి నల్లదే తీసుకో. వాన పడితే తాతగారి గొడుగులో దూరు. లే, కొలుస్తాను."

"టూరుకి తాతయ్య రాడు కదండీ... సర్లెండి. కొలవక్కర్లేదు, ముప్పైన్నర అంగుళాలు. మొన్ననే కొలిచారు."

"ఎవరు కొలిచారు?"

"మా పొడుగుకాళ్ళదే. ఏదో సైన్స్ ప్రాజెక్టట. క్లాసంతా వదిలేసి నన్నొక్కదాన్నే కొలిచింది. మణికట్టు నుంచి నేల దాకా."

"మణికట్టు నుంచా? బూట్లతోనా, లేకుండానా?"

"బూట్లతోనే. విప్పబోతే వద్దంది. ఎందుకండీ?"

"ముప్పైన్నర."

"అవును, ముప్పైన్నర! ఏమైందండీ, అలా చూస్తారేం?"

"ఏం లేదు. ఆ నీలందాన్ని కొక్కెం మీంచి తియ్యి. పిడికి చీటీ కట్టి ఉంది, చదువు."

"అది బామ్మగారిదన్నారుగా!"

"నేనూ అలాగే అనుకున్నాను. చదువమ్మా."

"ఈ రాత... తాతయ్యా, ఈ రాత నాకు తెలుసు."

"గట్టిగా చదవవే. కళ్ళద్దాలు తేలేదు."

"'కొట్టు అంకుల్‌కి. ముప్పైన్నరకే కొయ్యండి, బూట్లతో కొలిచాం. సోమవారం ఎడమ కాలు, బుధవారం కుడి కాలు కుంటుతూ నడిచే మా బామ్మకి ఇది. శుక్రవారం ఐదుగురం వచ్చి పట్టుకెళ్తాం. గొడుగులాగే ఉండాలి, ఎందుకంటే మాకు తెలుసని బామ్మకి తెలిస్తే టూరుకి రాదు. బామ్మ రాకపోతే మేం ఎవరి టిఫిన్ తినాలి?'"