ఒకటో ఆయన, రెండో ఆయన

హలో… ఆ, నేనేలే, సుకన్యనే. శ్రీకాంతన్నా, ఇదెవరి నంబరు?

…మాధవయ్య పెద్దనాయన ఫోనా. నీ ఫోను ఏమాయ?… తీసి పెట్టుకున్యాడా. యాలకు?… ఎంట తిరిగేటోళ్ళందరివీనా.

సరే, మెల్లగా చెప్పు. ఆదివారం క్లాసా… అది ఆన్‌లైన్ క్లాసు అన్నా. నీకు చెప్పినా కదా, దక్షిణ సూడాన్ రాజకీయాల మీద చదువుతాండానని… ఆఫ్రికాలో… లేదు, ఆడ మనోళ్ళెవరూ లేరు. ఉద్యోగం ఇస్తారని గాదు. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివింటి, నంద్యాల హాస్టల్లో కూచోని పరీక్షలకు బట్టీ పట్టేదే పనైపోయింది, కొంచెం అర్థమయ్యేది ఏమన్నా చదువుదామని… సరే, అది వదిలెయ్.

ఆ క్లాసు వీడియో యాడ చూసినావు?

…శాంసన్ స్టేటస్‌లోనా. నాతో డిగ్రీ చదివిన శాంసనేనా… లేదులే, వాన్నేం అనొద్దు. వాడు గొప్పకే పెట్టింటాడు, మన ఆళ్లగడ్డ పిల్ల ఫారిన్ మేడంతో ఇంగ్లీషులో మాట్లాడతాందని. పెద్దనాయనకు తెలుగులో చెప్పిందెవురు?… ప్రభాకర్ సారా. ఆయనకొచ్చే ఇంగ్లీషుకు…

ఇను. ఏమన్నానో నేనే చెప్తా.

మేడం ఆ దేశంలో చానా ఏళ్ళు ఉండొచ్చింది. ఆడ ఇద్దరు పెద్దలు. ఒకాయన ప్రెసిడెంటు, ఇంకొకాయన ఆయన కిందనే ఉండి ఎదురు తిరిగినాయన. కొట్టుకుంటారు, రాజీ అంటారు, సంతకాలు పెడతారు, మళ్ళా కొట్టుకుంటారు. కడాకు రాజీ ఎట్ల చేసినారో తెలుసునా?… ఒక ప్రెసిడెంటు, అయిదుగురు వైస్ ప్రెసిడెంట్లు. ఆ అయిదుగురిలో ఎదురు తిరిగినాయన పేరు మొదటి వైస్ ప్రెసిడెంటు… ఆ, మాకు గుడక నవ్వొచ్చింది. అయినా తుపాకులు ఆగలేదంట.

అప్పుడు మేడం అడిగింది, మీ మీ ఊర్లలో ఇట్లాంటి రాజీలు చూసినోళ్ళు ఉండారా అని. నేను చెయ్యెత్తినా.

…ఎత్తకుండా ఎట్లుండేది? అంతమందిలో నాకంటే తెలిసినోళ్ళు ఎవురుండారు?

పేర్లు చెప్పలే. మన ఊరి పేరు గుడక చెప్పలే. మా ఊర్లో ఒకటో నాయకుడు, రెండో నాయకుడు ఉండారు, వాళ్ళ కక్షల్లో చానామంది చచ్చిపోయినారు, ఇప్పుడు ఇద్దరూ కలిసిపోయినారు అన్నా. అంతే.

…ఆ, రాజీ బువ్వ సంగతి చెప్పినా. చచ్చిపోయినోళ్ళ ఆడోళ్ళు ఎదుటి పక్కోళ్ళకు వడ్డించాలన్యారు, మా అమ్మ చేత ఆ ఒకటో నాయకుని ఇస్తర్లో బువ్వ పెట్టించినారు అని చెప్పినా, దేవరాజు పేరెత్తలే… అబద్ధమా? నువ్వే కదా వెనక సాంబారు బకెట్టు పట్టుకోని నిలబడింది.

రాయి సంగతి గుడక చెప్పినా. రాజీ గుర్తుకు బస్సు షెల్టరు కట్టి, రాయి చెక్కించినారు గదా ఆళ్లగడ్డలో. ఎవరి పేరు ముందుండాలో తెగక, ఇద్దరి పేర్లూ చక్రం మాదిరి గుండ్రంగా చెక్కించినారు, యాడ మొదలో యాడ కడనో తెలీకుండా. అది చెప్తే క్లాసంతా నవ్వినారు. మేడం గుడక నవ్వి, చానా ఇంటరెస్టింగ్ అనింది… ఆ, నేనూ నవ్వినా. ఆ రాయి మీద చచ్చిపోయినోళ్ళ పేరు ఒక్కటీ లేదని చెప్పినా. దానికి ఎవురూ నవ్వలే. మేడం రాసుకునింది.

అయితే దేనికన్నా పెద్దనాయనకు కోపం? అమ్మ సంగతి బయట పెట్టినందుకా?

…కాదా.

రాయికి నవ్వినందుకా… అదీ కాదా. మరేందీ?

…

మళ్ళా చెప్పు.

దేవరాజు ఒకటి, పెద్దనాయన రెండు అయిపోయినాడని.

…అంతేనా.

…లేదు, ఇంటాండా, చెప్పు. దేవరాజు మనుషులు పొద్దున నుంచి ఫోన్లలో అదే తిప్పుతాండారా. ఫారినోళ్ళు గుడక మావోన్నే ఒకటో నాయకుడని ఒప్పుకున్యారని… కేకు గుడక కోసినారా. మంచిది.

నవ్వలేదన్నా. నవ్వు రావడం లేదు, ఏడుపూ రావడం లేదు.

…వాన్ని యాలకు ముందు చెప్పినానా? పెద్దనాయన అడగమన్యాడా, నువ్వు అడుగుతాండావా?… నువ్వేనా. నువ్వు అడగాల్సిన మాటేనా అది? సరే చెప్తా. నాయనను సంపించినోడు దేవరాజు. ఆ సంగతి యాడ మొదలుపెట్టినా నాకు ముందు వాడే గుర్తొస్తాడు. అందుకని ఒకటైనాడు. గొప్పోడని గాదు.

పో, ఆ మాట చెప్పు, సుట్టం గాకున్యా పెద్దనాయనా అని పిలుస్తాం గదా, ఆయప్పకు.

…చెప్పలేవులే.

ఇప్పుడు యాడుండారు మీరు?… ఉయ్యాలవాడకు పోతాండారా. ఆడేముంది?… దేవరాజు ఎవరిదో పెండ్లికొచ్చినాడా. మాట్లాడేదానికి పోతాండారా. మాట్లాడేదానికి అన్ని బండ్లు యాలకన్నా? ఫోన్లు తీసుకునేది యాలకు?

నువ్వు యాడ కూచున్యావు?… ముందరనా.

…

శ్రీకాంతన్నా, నాయన యాడ కూచున్యాడు ఆపొద్దు?… నీకు తెలుసు, చెప్పు.

ఆ. ముందు సీట్లో. ఇదే పెద్దనాయన బండిలో.

దిగు. కడుపు నొప్పి అని చెప్పి దిగేసెయ్. నంద్యాల బస్సెక్కు, నేను బస్టాండుకొస్తా… నమ్ముకున్యాడా? నాయన్ను గుడక నమ్ముకునే కదా ముందు కూచోబెట్టుకునింది. ఈడ ఏదో ఒక పని చూసుకోవచ్చు అన్నా, షోరూములుండాయి, గోడౌన్లుండాయి… పరువు పోతాదా. పోనీలే.

…వీడియోనా. ఏమని చెప్పాల?… నేను తప్పు చెప్పినా, ఒకటో ఆయన మా మాధవయ్య పెద్దనాయన, దేవరాజు రెండు అనా. మేడం పక్కన నిలబడి ఒప్పుకోవాలనా?… మేడం ఏ దేశంలో ఉండాదో నాకే తెలీదన్నా. నేనొక్కదాన్నే చెప్తా. చెప్తే బండ్లు వెనక్కి తిప్పుతాడా? అడుగు.

…అయితే ఆయప్పకే ఇయ్యి.

నమస్కారం పెద్దనాయనా… బాగుండా… ఆ, తప్పే పెద్దనాయనా. చిన్నపిల్లను, తెలీక అన్నా. వీడియో పెడతా, ఇప్పుడే పెడతా… మీరే ఒకటి… ఆ దేశంలోనా? ఆడ ప్రెసిడెంటే ఒకటి పెద్దనాయనా. ఇంకొకాయన మొదటి వైస్ ప్రెసిడెంటు, అంటే కిందోడే… ఆ, మీరు ప్రెసిడెంటు మాదిరి. అట్లే చెప్తా… మీకు దండం పెడతా, ఉయ్యాలవాడకు పోవద్దు… వీడియో చూసినాక ఆలోచిస్తారా. సరే పెద్దనాయనా.

…ఏందీ? ఇనపడలే.

నాయనకు ఇయ్యాలా, ఫోను?

…ఆడపిల్లను అదుపులో పెట్టుకోమని చెప్పేదానికా.

…

నాయన లేడు పెద్దనాయనా.

…రంగయ్య… రంగయ్య, పెద్దనాయనా. మీ శ్రీకాంత్ వాళ్ళ నాయన… కాదు, రోగమొచ్చి గాదు. మీ బండిలోనే. ముందు సీట్లో.

…పర్వాలేదులే. చానామంది కదా, మీకు గుర్తుండదు.

…

హలో… అన్నా, నువ్వేనా. ఫోను స్పీకరులో ఉండెనా?… అయితే ఇన్యావు. ఆయప్ప అడిగింది ఇన్యావు కదా.

…

వీడియో ఎప్పుడు పంపిస్తావనా. నువ్వు అడిగేది అదేనా.

పంపిస్తా. ఒకటి, రెండు, ఎట్ల కావాలంటే అట్ల చెప్తా. నువ్వు మాత్రం… ఏందా శబ్దం? డోరు వేసినారా? నువ్వు బయట ఉండావా, లోపలనా?… అన్నా, దిగొద్దులే, దిగమని చెప్పను. ఎనక సీట్లోకన్నా జరుగు, ఎనక—

హలో.

హలో…