నోరు నేనే తెరిచాను

కాదు ఎఫ్రాయిమ్, వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. టోపీ తియ్యవు, కుర్చీలో సరిగ్గా కూర్చోవు. జప్తుకొచ్చినవాడిలా ఆ గుమ్మం పట్టుకుని నిలబడతావేమిటి? అక్కని చూడ్డానికొస్తే తమ్ముడిలా రా. సంఘం పంపితే డీకన్ గారిలా రా. ఇద్దర్నీ ఒక్క కోటులో దూర్చుకొస్తే ఇలాగే ఉంటుంది, ఎటు కదిలినా బిగుతే.

ఆఁ, అలా కూర్చో. కాఫీ పొయ్యిమీదుంది, నువ్వే పోసుకోవాలి. నా చేతులు చూస్తున్నావుగా, రెండూ మోచేతుల దాకా సిమెంటు కట్లే. ఆ మూత కింద ఎండు ఆపిల్ కేకుంది, కత్తి పక్కనే ఉంది. మొహమాటపడకుండా కోసుకో. పాపపు పని మీద ఖాళీ కడుపుతో రాకూడదు.

నువ్వెందుకొచ్చావో చెప్పక్కర్లేదులే. ఆదివారం సంఘం కూర్చుంటుంది. ఆ తర్వాత ప్రభువు బల్ల. ఒక్కరి మనసులో ముల్లున్నా మనవాళ్ళు రొట్టె విరవరు. ఈసారి ఆ ముల్లుని నేను. ఆ మంచులో నేనున్నానో పోయానో ఎవరికీ తెలియలేదు గానీ, ఇప్పుడు ఇన్ని ఇళ్ళవాళ్ళ ఆత్మలూ వచ్చి నా గొంతులో అడ్డంపడ్డాయి.

ఆ రోజు నన్ను చూసుకోవడానికొచ్చిన లేయా చెప్పి ఉంటుంది. తప్పు పట్టడంలేదు. ఆవిడ తలుపు తీసేసరికి ఏం కనబడింది? వెలివేసిన నా చెల్లెలు వెర్నా చెంచా ఎత్తి పట్టుకునుంది. నేను పిచ్చుకపిల్లలా నోరు తెరుచుకునున్నాను. లేయా తెచ్చిన గిన్నె బల్లమీద పెట్టి, "ప్రభువు నిన్ను కనికరించాలి సలోమా" అని మెల్లిగా తలుపేసుకుని వెళ్ళింది. అంత మర్యాదగా తిట్టడం నాకు ఈ జన్మకి రాదు.

తిను, తిను. వింటూ తినొచ్చు.

ఏ నియమం తప్పానో నాకు చదివి వినిపించకు. ఈ ఇంట్లో ఆ నియమం నాకన్నా బాగా పాటించిందెవరు? వెలివేసినవాళ్ళకి మనం పెట్టొచ్చు, వాళ్ళ చేతినుంచి మనం అందుకోకూడదు. వాళ్ళున్న బల్ల దగ్గర కూర్చోకూడదు. మన తోడబుట్టినదే అయినా సరే.

ఇన్నేళ్ళూ వెర్నా వచ్చినప్పుడల్లా రెండు బల్లలు వేశాను. మధ్యన నాలుగు వేళ్ళ సందు వదిలి, రెండింటి మీదా ఒకటే గుడ్డ పరిచాను. దాని మనసు కష్టపడకూడదని గుడ్డ, మన నియమం తప్పకూడదని సందు. పైనుంచి చూస్తే ఒకటే బల్ల. దేవుడు పైనుంచే కదా చూసేది, ఆయనకి ఆ సందు కనబడుతుందో లేదో అని గిన్నెలు సర్దుతూ అనుకునేదాన్ని.

నవ్వొస్తే నవ్వు. గడ్డం కింద దాచుకోకు.

అది చేసిన నేరం గుర్తుందా నీకు? అప్పటికి నువ్వు చిన్నవాడివి. అమ్మ పోయిన ఏడాది. వెర్నా బిషప్ టోబియాస్ గారి దగ్గరికి వెళ్ళి ఒకటే అడిగింది, మా అమ్మ పరలోకంలో ఉందా అని. ఆయన చెడ్డవాడు కాదు. ఉందని ఆశిద్దాం అన్నాడు. మనం అనేది అంతే కదా. నేను రక్షణ పొందేశాను అంటే గర్వం. తీర్పు ఆయనది, మనకి ఆశ చాలు. నాకది సరిపోయింది. దానికి సరిపోలేదు. అమ్మ విషయంలో ఆశిద్దాం ఏమిటక్కా, పొలంలో వానకి ఆశించినట్టు, అంది.

కొండ దిగువ సంఘంలో వాళ్ళు "ఉంది" అన్నారు. వెళ్ళిపోయింది. అదీ కథ. దేవుణ్ణి వదిలి పోలేదు, మనం గుర్రబ్బండిలో వెళ్ళే అదే దేవుడి దగ్గరికి కారులో వెళ్తోంది.

ఇందులో వింత చూడు. దానికి తన పరలోకం గురించి అనుమానం లేదు, అది గర్వం. మనకి మన పరలోకం గురించి ఆశే తప్ప రూఢి లేదు, అది వినయం. మరి దాని నరకం దగ్గరికొచ్చేసరికి మనలో ఒక్కరూ "ఆశిద్దాం" అనరేం? అక్కడ మాత్రం అందరికీ కంటితో చూసొచ్చినంత రూఢి.

సరే, సరే. గొంతు తగ్గిస్తాను. నేను మన దారిని ఎగతాళి చెయ్యడంలేదు నాయనా. బాప్తిస్మంలో మోకాళ్ళూని ఇచ్చిన మాట తప్పడం తప్పే. వెర్నా చేసింది మంచిపని అని ఇప్పుడూ అనను, దానితోనూ అనలేదు. కానీ మన ముత్తాతల్ని నదుల్లో ముంచి చంపింది ఎందుకు? చంటిపిల్లకి బాప్తిస్మమేమిటి, మనిషి ఎదిగి తన ఇష్టంతో ఒప్పుకోవాలి అన్నందుకు. ఇష్టమన్న మాట కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ పిల్లలం. ఆ ఇష్టం ఒక్కసారే వాడుకోవాలి, తర్వాత బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి అని వాళ్ళు చెప్పారో లేదో నాకు తెలియదు.

రెండో ముక్క కోసుకో. ఎవరూ చూడ్డంలేదులే. చూసేవాడు ఎలాగూ చూస్తాడు.

ఇంతకీ ఆ రోజు సంగతి. నువ్వు విన్నది లేయా కళ్ళతో. నా నోటితో విను.

రెండు చేతులా పాల బకెట్లతో వస్తూ మెట్లమీద మంచుకి జారాను. బకెట్లు వదిలేసి ఉంటే ఒక్క చెయ్యైనా దక్కేది. పాలు పోతాయని వదల్లేదు. పాలూ పోయాయి. ఆసుపత్రినుంచి వచ్చాక మనవాళ్ళు వంతులేసుకుని కనిపెట్టుకునున్నారు, మీ ఆవిడ ఐడా కూడా వచ్చింది, కాదనను. ఆ తర్వాత ఆ పెద్ద మంచు పడింది. దారులన్నీ మూసుకుపోయాయి. నువ్వు మీ గుర్రాన్ని బయటికి తియ్యలేకపోయావు. తప్పు కాదు, ఎవరూ తియ్యలేకపోయారు.

వెర్నా వచ్చింది. కారు కింద రోడ్డుమీద దిగబడిపోతే అక్కడే వదిలేసి, నడుంలోతు మంచులో నడిచొచ్చింది. పొయ్యి చల్లారి ఉంది. నేను దుప్పట్లో ముడుచుకుని, ఎలా పోతానా అని కాదు, ఎంతసేపట్లో పోతానా అని చూస్తున్నాను.

పొయ్యి రాజేసింది. కోడి పులుసు కాచింది. కాచి, గిన్నె బల్లమీద పెట్టి, ఏం చేసిందనుకున్నావు? రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. అలవాటు. మన చేతికి ఇవ్వకూడదు కదా, అక్కడ పెడితే మనం తీసుకోవాలి. ఇన్నేళ్ళుగా అలాగే కదా చేస్తున్నాం. అది నాకోసం నిలబడింది, నేను గిన్నెకేసి చూస్తున్నాను, నా చేతులేమో దుంగల్లా ఒళ్ళో ఉన్నాయి. గిన్నెమీద ఆవిరి తగ్గిపోతోంది.

కాసేపటికి దానికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నా కళ్ళు తుడుచుకోవడానికి నాకు చేతులు లేవు, తుడవడానికి దానికి నియమం అడ్డం.

తర్వాత చెంచా తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. ఇది విను ఎఫ్రాయిమ్, ఇదే అసలు మాట. "అక్కా, నేను నీ నోట్లో పెట్టను. నీకు కావాలంటేనే. రేపు నిన్నడిగితే నామీద తోసెయ్యనంటేనే" అంది.

నాకు ఆకలిగా ఉంది. నిజమే. కానీ ఆకలి నోరు తెరవలేదు. చాలాసేపు ఆలోచించాను. మీ చిన్నప్పుడు అమ్మ పొలానికెళ్తే మీ ఇద్దరినీ చెరో మోకాలి మీదా కూర్చోబెట్టుకుని ఒకే చెంచాతో పెట్టాను. దాని ముఖం చూశాను. నీ ముఖం కూడా తలుచుకున్నాను. నరకం తలుచుకున్నాను. భయం లేదనుకుంటున్నావా? చిన్నప్పుడు ఎంత భయపడ్డానో ఇప్పుడూ అంతే. అన్నీ తలుచుకుని, అప్పుడు నోరు తెరిచాను.

ఇప్పుడు నువ్వు తెచ్చిన మాట. టోబియాస్ గారు నామీద దయతోనే పంపారు, తెలుసు. "చేతులు విరిగి ఉన్నాయి, గతిలేక తిన్నాను" అని ఆదివారం ఒక్క ముక్క అంటే చాలు. వెలి లేదు, మోకాళ్ళూనడం లేదు, అందరూ అయ్యో పాపం అంటారు, ప్రభువు బల్ల జరుగుతుంది. ఎంత తేలిక.

ఈ మాట ఇంతకుముందే ఒకాయన అనేశాడయ్యా. దేవుడి తోటలో, వద్దన్న పండు తిన్నాక. ఈ స్త్రీ ఇచ్చింది, నేను తిన్నాను అన్నాడు. ఇచ్చిన చేతిదే తప్పుగానీ తిన్న నోటిదేం లేదన్నట్టు. మనిషి దేవుడికి చెప్పుకున్న మొట్టమొదటి సంజాయిషీ అది. ఎంతవరకు పనికొచ్చిందో మనందరం చూస్తూనే ఉన్నాం. అదే మాట మళ్ళీ నాచేత, అదీ ప్రార్థనలో, చెప్పిస్తారా?

పైగా మూడోరోజుకి దారులు తెరిచారు. లేయా వంతు. ఆవిడ వస్తుందని తెలుసు, అయినా వెర్నాని వెళ్ళమనలేదు. ఉండవే, ఈ పూట కూడా నువ్వే పెట్టు, అన్నాను. గతిలేకపోవడం ఒక పూట. మిగతాదంతా ఇష్టమే. నాకు విరిగింది చేతులు. దవడ బాగానే ఉంది.

అలా నేలకేసి చూడకు. నీ బాధ నాకు తెలియదా? నువ్వేమైనా కోరి డీకన్‌వయ్యావా? వరసగా పెట్టిన పాటల పుస్తకాల్లో ఒకదాన్లో డీకన్ చీటీ ఉంది, నీ చెయ్యి దానిమీదే పడింది. ఆ రోజు కొట్టంలో గుర్రం మెడ కావలించుకుని ఏడ్చావని ఐడా చెప్పింది. పుస్తకం తీసిన చెయ్యి నీది, చిత్తం దేవుడిది, ఊరుకో అన్నాను నేను. అప్పుడు ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. ఇప్పుడు నా నోరు తెరిచింది ఎవరి చిత్తం అంటే మాత్రం దేవుడి మీదికి తొయ్యడానికి నాకు ధైర్యం చాలడంలేదు. మంచు ఆయనదీ, తిండి నాదీ.

అందుకని ఆదివారం నేను చెప్పేది ఇది. తిన్నాను, నా ఇష్టంతో తిన్నాను. నియమం తప్పాను, అది తప్పే. మోకాళ్ళూనమంటే ఊనుతాను, లేవడానికి మాత్రం ఎవరో ఒకరు పట్టుకోవాలి. పశ్చాత్తాపపడుతున్నావా అంటే... అబద్ధం చెప్పి ప్రభువు బల్ల దగ్గర కూర్చోవడంకన్నా, నిజం చెప్పి నాలుగు వేళ్ళ అవతల కూర్చోవడం నయం. సందు ఎంత ఉండాలో ఎవరినీ కొలవనివ్వకు. ఆ పని నాకు బాగా వచ్చు.

మీ పిల్లలు అడుగుతారు, పెద్దత్త వేరే ఎందుకు కూర్చుందని. ఏం చెప్తావో ఇప్పట్నుంచే ఆలోచించుకో. నాకు గుండె పట్టేసేది అదొక్కటే.

లేస్తున్నావా? కప్పు అక్కడే ఉంచు. కేకు ఎలా ఉందో చెప్పనేలేదు.

ఏం ఎఫ్రాయిమ్, దాస్తావేం? మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కళ్ళు మూసుకున్నావు, చూశాను. జాజికాయ వేసే ఆ పాళ్ళు అమ్మ తర్వాత నాకెప్పుడూ కుదరలేదని నీకు తెలుసు. కుదిరింది ఒక్కదానికే. అయినా రెండు చేతులకీ సిమెంటు కట్లున్న మనిషి కేకు చేసిందని ఎలా అనుకున్నావురా? నిన్న, ఇదిగో, ఈ పొయ్యిలోనే చేసి, నేను చెబితే ఆ మూత పెట్టి వెళ్ళింది.

కంగారుపడకు. నియమం నీ పక్షానే ఉంది. బల్లమీదినుంచి తీసుకున్నావు, దాని చేతినుంచి కాదు. నీకేం అంటదు. మొదటి ముక్క తెలియక తిన్నావనే అనుకుందాం. రెండో ముక్క సంగతి మాత్రం నీకూ ఆయనకీ మధ్య. నేను ఆదివారం నా నోటి గురించే చెప్తాను, నీ నోటి గురించి ఎవరూ అడగరు. నువ్వు పరలోకానికే వెళ్తావు. ఆశిద్దాం.

ఒక్క మాట. పొద్దుట్నుంచీ ఆ కేకు ఎదురుగానే ఉంది, నేనింకా రుచి చూడలేదు. వెర్నా సాయంత్రం గాని రాదు. ఆదివారం దాకా నేను వెలి కాదు, నువ్వు మచ్చలేనివాడివి. నీ చేతి ముక్క నేను తింటే ఏ నియమమూ తప్పదు.

బలవంతమేం లేదు. వెళ్తే వెళ్ళు, తలుపు మాత్రం దగ్గరగా వెయ్యి, చలి.

...టోపీ తీశావేం?

చిన్న ముక్క చాలు. ఆ చెంచా వద్దు, సొరుగులో మీ చిన్నప్పటిది ఉంటుంది చూడు, కాడ వంగింది. ఆఁ, అదే.

ఊఁ.