టేపు వేగం

1986, పారిస్. రికార్డింగు గదిలో ముగ్గురు: గాయని సొలాంజ్, ఆమె రికార్డులు తీసే రెజిస్, టేపు యంత్రం దగ్గర జిల్బేర్.

"ఒక్క మాట చెప్పండి రెజిస్ గారూ. ఈ పాటకి కూడా టేపు వేగం పెంచుతారా, పెంచరా?"

"కాఫీ తాగావా?"

"పెంచుతారా?"

"రవ్వంత, తల్లీ. రవ్వంతే కదా పెంచేది. దానికే నీకు పదేళ్ళు తగ్గాయి. ఇరవై తొమ్మిదేళ్ళదానివి, పంతొమ్మిదేళ్ళ పిల్లలా వినిపిస్తే ఫ్రాన్సంతా కొనుక్కుంది. ఎవరికేం నష్టం?"

"మా అమ్మకి. మా ఊరు లోరియాన్‌లో రేడియో విని ఫోన్ చేసింది. 'ఎవతే అది, నీ పాట పాడేస్తోంది' అంది."

"ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవేమో."

"మా అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది."

"సరే, సరే. మరి టీవీ సంగతేంటి? శనివారం నువ్వు పాడాల్సిన..."

"టీవీలో నేనెప్పుడు పాడాను? వాళ్ళు రికార్డు వేస్తారు, నేను పెదాలు కదుపుతాను. నా చేతిలో మైకుకి తీగ కూడా ఉండదు. ఆ పెదాలు కలవడానికి మూడేళ్ళుగా ఇంట్లో రికార్డు పెట్టుకుని, పొద్దస్తమానం ఆ పిల్లతో పాటు పాడుతూ కూర్చున్నాను."

"బాగా కలుస్తాయి. అందరూ అదే అంటారు."

"అక్టోబరులో హాల్లో పాడాలి. జనం ముందు, నిజంగా. అప్పుడు నన్నెలా వేగంగా తిప్పుతారు?"

"అక్టోబరుకి చాలా టైముంది."

"రెజిస్ గారూ!"

"ఏంటమ్మా?"

"ఈ పాట నా గొంతుతో బయటికి రావాలి. లేదంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను. మా ఊళ్ళో గిటారు పట్టుకుని పెళ్ళిళ్ళలో పాడుకుంటాను, మొదట్లోలా. పాడుతున్నది నేనేనని నాకైనా తెలుస్తుంది."

"నీ గొంతు బాగోదని నేనెప్పుడైనా అన్నానా?"

"తడిసిన ఉన్నికోటులా ఉందన్నారు."

"మెచ్చుకున్నాను."

"జిల్బేర్, నువ్వైనా చెప్పు."

"నన్ను మధ్యలోకి లాగకు."

"పోనీ, నిన్న నేను పాడింది వెయ్యి. ఈయన కూడా విననీ."

"వెయ్యనా, రెజిస్ గారూ?"

"వెయ్యవయ్యా. విని శాంతిస్తుంది."

"ఆపు, ఆపు! చూశారా? మళ్ళీ అదే పిల్ల. నేనడిగింది నా గొంతు, జిల్బేర్. వేగం తగ్గించి వెయ్యి."

"ఎంతకి తగ్గించను?"

"నేను పాడినంతకి."

"అదే... ఇది..."

"నీళ్ళు నమలకు. ఈయనకి భయపడుతున్నావు."

"నన్ను చూసి భయమెందుకు? మామూలు వేగానికి వెయ్యవయ్యా. నేనేమీ అనను."

"సొలాంజ్, నిన్నటి టేపు వేగాన్ని నేనింకా ముట్టుకోలేదు. నువ్వు పాడింది అదే."