క్రెడిట్ అడగని బండి

పెబ్బేరు సంత కాగానే వెంకటన్న తన పికప్ బండిని నేరుగా వనపర్తిలోని గీత మెకానిక్ షెడ్డుకు తోలుకొచ్చాడు. ల్యాప్‌టాప్ వైరు చేతిలో పట్టుకుని గీత ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉంది.

"ఇయ్యాల వద్దు కాకా, సోమవారం రా."

"సోమవారమేంది గీతా? గొర్ల బండ్లన్నీ నన్ను దాటిపోతున్నయ్. ఆఖరికి నా పెండ్లాం, మీ చిన్నమ్మ గూడ! రెండు నెలల సంది సంతల ఆమె బండే ముందుంటుంది. నాది అరవై కాడికి రాంగనే మొరాయిస్తుంది. ఆ కంప్యూటర్ పెట్టి జర జోరు పెంచు."

"ఊకె పెంచనీకి రాదు. క్రెడిట్లు కావాలె."

"అవేంది? ఫోన్ల బ్యాలెన్స్ లెక్కనా?"

"గట్లనే అనుకో. సాఫ్ట్‌వేర్ కంపెనీ కాడ ముందుగాల కొనుక్కోవాలె. నీ బండికైతె రెండు పడ్తయ్."

"వచ్చినప్పుడల్లా రెండా?"

"కాదు, ఒక్కసారే. రెండు కట్టినమంటె ఆ బండికి లైసెన్స్ అయినట్టే. ఇంక నూరుసార్లు మార్చినా మళ్ల అడగదు."

"మంచిదే గదా! మరి ఈ బండి అమ్మి ఇంకోటి కొంటే?"

"దీని లైసెన్స్ దీనితోనే పోతది. కొత్తదానికి మళ్ల రెండు. మనిషి పేరు మీద ఉండదు కాకా, ఇంజన్ కంప్యూటర్ మీద ఉంటది."

"నా పేరు మీద లేకపోతే లేకపాయె. రెండు కట్టు. వైరు పెట్టు."

"నా కాడ క్రెడిట్లు అయిపోయినయ్."

"మరి ఆ కంప్యూటర్ల పైన క్రెడిట్లు ఏడు అని ఉందేంది?"

"అది... అది వేరే."

"ఇటియ్యి, నేనే పెడ్త!"

"ఆగాగు! పెడ్తున్న."

"ఏంది, ఏం అడుగుతలేదు? ముందుగాల క్రెడిట్లు అడుగుతదంటివి."

"నెట్ స్లో ఉన్నట్టుంది."

"ఏం స్లో? బండి లెక్కలన్నీ తెరుచుకున్నయ్. ఏడు ఏడే ఉంది. అంటే... దీనికి ముందే లైసెన్స్ అయింది. నేనైతె ఎన్నడు తేలే. ఎవరు తెచ్చిండ్రు?"

"కాకా..."

"ఎవరు?"

"చిన్నమ్మ."

"వసంతనా? వసంత నా బండి జోరును అరవైకి కట్టేపిచ్చిందా?"

"నువ్వు కొత్తకోట మలుపు కాడ బోల్తాపడి, కాలిరిగి దవాఖానల ఉన్నప్పుడు. బండి బాగుచేపిచ్చి ఇక్కడికే తోలుకొచ్చింది. ఇంకోసారి నిన్ను గట్ల చూడలేనని గీ స్టూలు మీద కూసోని ఏడ్సింది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేపిచ్చుకుంది."

"ఏడ్సిందా?"

"శానసేపు."

"ఏడుస్తె ఏడ్సింది! నన్ను కట్టేసి తను ముందల ఉరుకుతదా? సంతల అందరూ నవ్వుతుండ్రు గీతా. తీసెయ్. పాత లెక్కనే పెట్టు. లైసెన్స్ ఉంది గదా, క్రెడిట్లు గూడ వద్దు."

"ఐదు నిమిషాల పని. తీసేస్త. మరి చిన్నమ్మ బండిది గూడ తీసెయ్యాల్నా?"

"ఆమె బండిల తీసేదేముంది?"

"ఆ దినం నాలుగు క్రెడిట్లు కొనిపిచ్చింది కాకా. రెండు నీ బండికి, రెండు తన బండికి. ఆమెది యాభైకే కట్టిన... నువ్వు తొవ్వల చాయ్‌లకు ఆగినప్పుడే ఆమె నిన్ను దాటేది."