సంతకానికి ఆగని రోగి

వేదిక మీదున్న పాలకమండలి అధ్యక్షులవారికి, ముందు వరుస మెత్తటి కుర్చీల్లో కూర్చున్న వార్డుల పెద్ద డాక్టర్లకు, కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ నర్సమ్మలకు, స్ట్రెచర్లు తోసే తమ్ముళ్ళకు, ఇవాళ ఉద్యోగ విరమణ చేసి మా అందరినీ వదిలి వెళుతున్న అత్యవసర విభాగం డాక్టరమ్మకు ప్రభువు పేరిట వందనాలు. నేను పాస్టరును కాను. కుట్టుమిషను తొక్కుతూ వాక్యం చదువుకున్నవాణ్ణి. తీరిక దొరికితే ఈ ఆసుపత్రి కింది వరండాలో స్ట్రెచర్ల మీద పడి ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంటాను. "ఆయనకు మైకిస్తే వదలడమ్మా" అని హెడ్ నర్సమ్మ మొత్తుకున్నా డాక్టరమ్మే పట్టుబట్టి నన్ను పిలిపించారట. కాబట్టి జరగబోయేదానికి బాధ్యత ఆవిడదే. (నవ్వులు)

ముందుగా అధ్యక్షులవారికి కృతజ్ఞత చెప్పుకోవాలి. అత్యవసరంగా వచ్చిన రోగులు ఎందుకంతసేపు ఆగాల్సి వస్తోందో కనిపెట్టడానికి పరిశోధన కావాలని డాక్టరమ్మ అడగ్గానే, అంటే అడగ్గా అడగ్గా అడగ్గానే, పాలకమండలి నిధులిచ్చింది. నిపుణులు వచ్చారు. వెయిటింగ్ హాల్లో కూర్చుని రోగులను చూశారు, రోగులు వాళ్ళను చూశారు, చివరికి తేలిందేమిటంటే రోగులు ఆగుతున్నారని! (నవ్వులు) చికిత్స కూడా రాసిచ్చారు: కుర్చీలకు మెత్తలు, గోడకు టీవీ, నేల మీద రంగు గీతలు. ఎర్రగీత వెంట నడిస్తే ఎక్స్‌రే గది వస్తుంది. పచ్చగీత ఎక్కడికి పోతుందో నాకింకా తెలియదు. దాని వెంట నడిచిన ఒక పెద్దమనిషి తిరిగి తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు.

అదే వరండాలో ఒక తాతకు ప్రార్థన చేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అయ్యా, పరలోకం సంగతి తర్వాత చూసుకుందాం గానీ, పై వార్డులో నాకు మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందో మీ దేవుణ్ణి అడిగి చెప్పు" అన్నాడు. దేవుణ్ణి అడిగేలోపు నేనే పైకెళ్ళాను. అక్కడ మా బావమరిది సంచి సర్దుకుని, చెప్పులు తొడుక్కుని మంచం మీద కూర్చున్నాడు.

"ఏరా, తగ్గిందా?"

"నిన్ననే తగ్గింది బావా. కానీ పెద్ద డాక్టరుగారొచ్చి తగ్గిందని సంతకం పెట్టేదాకా తగ్గినట్టు కాదట."

"ఎప్పుడొస్తారు?"

"మిగతావాళ్ళందరినీ చూశాక. తగ్గినవాడికి తొందరేమిటి అంటున్నారు."

చుట్టూ చూస్తే సగం వార్డు చెప్పులు తొడుక్కుని కూర్చుని ఉంది. బాగున్నవాళ్ళు మంచాల మీద, బాగాలేనివాళ్ళు వరండాలో! పరుగున వచ్చి చెబితే డాక్టరమ్మ నవ్వారు. "కనిపించిందా? మా దగ్గర ఇరుకు మొదలయ్యేది గుమ్మంలో కాదు, పైన ఆ సంతకం దగ్గర. అది నిరూపించాలంటే రోగి వెంట పైదాకా వెళ్ళి చూడాలి. దానికి నిధులు ఇవ్వరు" అన్నారు. ఎందుకివ్వరంటే, అధ్యక్షులవారు సెలవిచ్చిన మాట ఇది: "అత్యవసర విభాగం మీద పరిశోధన అత్యవసర విభాగంలోనే కదమ్మా జరగాలి? లిఫ్టు ఎక్కితే అది వేరే పద్దు." (నవ్వులు, అధ్యక్షులూ నవ్వారు)

అయినా ఆవిడ వదల్లేదు. ఒక్క వార్డుకు సరిపడా నిధులు రాబట్టారు. గుండె వార్డు పెద్దాయన పొద్దున్నే ముందు ఇంటికెళ్ళేవాళ్ళను చూడడానికి ఒప్పుకున్నారు. ఆ వారం నేను వరండాకొస్తే గుండె నొప్పితో పడి ఉన్నవాడు ఒక్కడూ లేడు. నా ప్రార్థనకు గిరాకీ పడిపోయింది. ఆ నిధులు ఈ నెలతో సరి. డాక్టరమ్మ సేవ ఈ రోజుతో సరి. ఇందాక అధ్యక్షులవారు ఆవిడ చిరునవ్వు గురించి చెప్పారు, ఓర్పు గురించి చెప్పారు, ఆ నిధుల గురించి మాత్రం మరిచిపోయారు.

నా బైబిలు గ్రంథంలో ఒక కొలనుంది. నీళ్ళు కదిలినప్పుడు ముందు దిగినవాడికే స్వస్థత. ఒకడు ఏళ్ళ తరబడి గట్టు మీదే పడి ఉన్నాడు. వాడు కదిలేలోపు ఇంకొకడు దిగేవాడు. ప్రభువు వచ్చాడు. మెత్త వేయించలేదు, గీతలు గీయించలేదు, లేవమన్నాడు. ఈ సంగతి ఎన్నిసార్లు ప్రసంగించానో! కానీ ఒక ముక్క మన వరండాలోనే అర్థమైంది: లేచినవాడు తన పరుపు తనే చంకన పెట్టుకుని పోయాడు. ఆ చోటు ఖాళీ అయింది! సంతకం పెడతాను, సాయంత్రందాకా ఆగు అని ప్రభువు అనలేదు. ఆ రోజు విశ్రాంతి దినం, పరుపు మోయడం నిబంధనలకు విరుద్ధమని గొణిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వాళ్ళూ ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు. (వెనక చప్పట్లు, ముందు దగ్గులు)

ఈ సభను సరిగ్గా పొద్దున్నే పెట్టారు. పెద్ద డాక్టర్లందరూ ఇక్కడే ఉన్నారు. అంటే పైన అందరూ చెప్పులు తొడుక్కుని కూర్చుని ఉంటారు. జీవితమంతా వరండా ఖాళీ చేయడానికి పోరాడిన మనిషి గౌరవార్థం ఇవాళ వరండా నింపేశాం. చూడండి, పొగడ్తలు మొదలైనప్పటి నుంచి ఆవిడ కళ్ళు వేదిక మీద లేవు, ఆ తలుపు మీదే ఉన్నాయి. అమ్మా, మీరు వెళ్ళాక నా ప్రార్థనకు మళ్ళీ గిరాకీ పెరుగుతుంది. నాకా గిరాకీ వద్దమ్మా.

అధ్యక్షులవారూ, నిధుల మాట ఒక్కటి చెప్పండి. "ఆలోచిద్దాం" అంటున్నారా? మంచిది, వరండాలో ఉన్నవాళ్ళకు చెబుతాను, ఆలోచిస్తున్నారు, అందాకా ఊపిరి పీలుస్తూ ఉండండని. ఈలోగా నా గ్రంథంలో ఇంకా బోలెడు మిగిలి ఉంది, మొదటి నుంచి మొదలుపెడతాను.

(అధ్యక్షులు: "ఇంకో ఏడాది ఇస్తాం, అన్ని వార్డులకూ ఇస్తాం! ముందు మీరు దిగండి మహానుభావా!" చప్పట్లు)

అందరూ విన్నారుగా! ఆగండి, గుండె వార్డు పెద్దాయన లేస్తున్నారు. ఎక్కడికండీ?

("పైకి. ఇంటికెళ్ళేవాళ్ళు ఎదురుచూస్తుంటారు.")

ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. డాక్టరమ్మా, మీరు కూర్చోండి, ఇవాళ మీరు అతిథి... సరే, ఆవిడ అందరికంటే ముందే తలుపు దాటారు.

ఓపికగా కూర్చున్నవారికి నా కృతజ్ఞతలు. ఓపిక పట్టలేక లేచిపోయినవారికి ఇంకా ఎక్కువ కృతజ్ఞతలు. సెలవు.